విశాఖ నుంచి లిటిల్ అండమాన్: ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

నేను హట్‌బే వెళ్లివచ్చానని తెలిసిన దగ్గరి నుంచి మూడు ప్రశ్నలు ఆగడం లేదు. ఓడలో ఎన్ని రోజులు పడుతుంది? అక్కడ ఏం చూడవచ్చు? ఆదివాసుల ఊళ్లకు వెళ్లనిస్తారా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను. అసలు అడగవలసిన నాలుగో ప్రశ్నను మాత్రం ఎవరూ అడగలేదు. తిరిగి ఎలా రావాలి? నేను కూడా అడగలేదు. అందుకే హట్‌బే జెట్టీ మీద సంచి పక్కన పెట్టుకుని రెండు రోజులు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. గాలివాన వల్ల ఓడ రద్దయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి నా విమానం మాత్రం వేళకే వెళ్లిపోయింది. టికెట్టు డబ్బులు పోయాయి. తప్పు పూర్తిగా నాదే.

లిటిల్ అండమాన్ అంటే పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి. అక్కడ ఓడ ఆగే ఊరు హట్‌బే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అయింది. జనం నోట పాత పేరే వినిపిస్తుంది, కాగితాల మీద కొత్తది కనిపిస్తుంది. రెండూ ఒకటే, కంగారు పడకండి. హావ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) లాంటి హోటళ్లు, కుర్రాళ్ల సందడి కోరుకునేవారికి హట్‌బే నచ్చదు. ఒకే పెద్ద రోడ్డు, దాని వెంట ఊళ్లు, ఒకవైపు అడవి, మరోవైపు సముద్రం, అంతే. అది చాలు అనుకునేవారు కింద చదవండి.

కావలసినవి

- సెలవు. విమానంలో వెళ్తే పన్నెండు రోజులు, రానూపోనూ ఓడలో అయితే పదహారు రోజులు. ఇంతకన్నా తక్కువ సెలవు దొరికితే హట్‌బే ఊసు మానేసి పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్ చూసి వచ్చేయండి.
- ఆధార్ అసలు కార్డు, నాలుగైదు నకళ్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఓడ టికెట్టుకు, రేవు గేటు దగ్గర, బసలో, అన్నిచోట్లా అడుగుతారు.
- నగదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో లిటిల్ అండమాన్‌కు కూడా చేరింది కాబట్టి ఫోను చాలావరకు పనిచేస్తుంది. కానీ ఫోనులో చెల్లింపు ఆగిపోయిన రోజున టీకొట్టు ముందు నిలబడి తెల్లమొహం వేయవలసి వస్తుంది. అక్కడ ఉండే అన్ని రోజులకూ సరిపడా డబ్బు, సగం చిల్లర నోట్లుగా, పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి.
- మందులు. రోజూ వేసుకునేవి రెట్టింపు రోజులకు పెట్టుకోండి. వాంతుల మాత్రలు ఏవి, ఎన్ని గంటలకు ఒకటి అన్నది డాక్టరును అడిగి రాయించుకోండి.
- దోమల మందు, పొడుగు చేతుల చొక్కాలు, టార్చి, వాన కోటు, తడవని సంచి, ఒక పొట్లం రాళ్ల ఉప్పు. ఉప్పు ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను. టార్చి తప్ప మిగతావన్నీ పూర్ణా మార్కెట్‌లో ఒక్క సాయంత్రం తిరిగితే దొరుకుతాయి. టార్చి మాత్రం మంచిది చూసి కొనండి.

డ్రోన్ తీసుకువెళ్లవద్దు. అనుమతి లేకుండా ఎగరేస్తే చిక్కుల్లో పడతారు.

1. కాలెండరును వెనక నుంచి నింపండి

మీరు విశాఖలో మళ్లీ ఉద్యోగంలో చేరవలసిన తేదీ ముందు రాయండి. దానికి ముందు రెండు రోజులు ఖాళీగా వదలండి. దానికి ముందు పోర్ట్ బ్లెయిర్ నుంచి తిరుగు ప్రయాణం. దానికి ముందు మళ్లీ రెండు రోజులు ఖాళీ. ఆ పైన హట్‌బే నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ. ఇలా వెనక్కి నడుచుకుంటూ వస్తే బయల్దేరే తేదీ దానంతట అదే తేలుతుంది.

ఆ ఖాళీ రోజులు వృథా అనిపిస్తాయి. ఓడ వేళకు వస్తే ఆ రెండు రోజుల్లో సెల్యులర్ జైలు, సముద్రిక మ్యూజియం తీరిగ్గా చూడవచ్చు. రాకపోతే ఆ రెండు రోజులే మిమ్మల్ని కాపాడతాయి.

నెల ఎంచుకోవడం: జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచిది. మే నుంచి నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు, బంగాళాఖాతంలో తుపానులు. తుపాను సంగతి విశాఖవాళ్లకు వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద విరుచుకుపడింది కదా, అదీ అండమాన్ సముద్రంలో పుట్టి, ఆ దీవులను దాటుకునే ఇటు వచ్చింది.

సరిచూసుకోండి: మీ కాలెండరులో రెండు ప్రయాణాలు వరుస రోజుల్లో ఉంటే ఆ పథకం పనికిరాదు. మళ్లీ వేయండి.

2. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్

విమానమైతే, నేరుగా ఉందా లేదా అన్నది బుక్ చేసే రోజునే చూడండి. ఒక కాలంలో ఉంటుంది, మరో కాలంలో తీసేస్తారు. లేకపోతే చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌ల మీదుగా వెళ్లవచ్చు.

ఓడ మన రేవు నుంచే బయల్దేరుతుంది. సుమారు 56 గంటల ప్రయాణం, వాతావరణం బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. నెలకు ఒక్కసారి ఉంటే గొప్ప. ఓడ మరమ్మతుకు వెళ్తే అదీ ఉండదు. టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందే ఇస్తారు కాబట్టి రేవు ప్రాంతంలోని ఏజెంటు కార్యాలయానికి స్వయంగా వెళ్లి తేదీ కనుక్కోవడమే నమ్మకం. ఎవరో ఫార్వర్డ్ చేసిన పట్టికను నమ్మి ఆఫీసులో సెలవు పెట్టకండి.

బంక్ క్లాసు అంటే పెద్ద హాలులో వరుసగా పడకలు. చవక. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి అక్కడికి పనికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఇందులోనే వెళతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు పదమూడు శాతం దాకా ఉన్నారు. భాష రాదనే భయం అక్కర్లేదు. పిల్లలు, పెద్దవారు ఉంటే మాత్రం కేబిన్ తీసుకోండి.

నా సలహా: వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం. మొదటి రోజుల్లో ఓపిక ఉంటుంది, చివరి రోజుల్లో ఉండదు.

3. ఓడలో మొదటి రాత్రి

లోపలి రేవు నుంచి బయటికి వచ్చేటప్పుడు డెక్ మీదే ఉండండి. డాల్ఫిన్ నోస్ కొండ చేతికి అందేంత దగ్గరగా జరిగిపోతుంది. అంత దగ్గరి నుంచి ఆ కొండ ఒడ్డున ఉన్నవారికి ఎన్నడూ కనబడదు. కొండ దాటగానే ఓడ నెమ్మదిగా ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడే వాంతుల మాత్ర కోసం సంచి వెతికేవారు కనిపిస్తారు. అప్పటికి ఆలస్యం అయిపోయినట్టే. మాత్ర ఎక్కక ముందే వేసుకోవాలి.

కింది పడక, ఓడ మధ్యభాగంలో ఉన్నది దొరికితే వదలకండి. ముందు కొసన, వెనక కొసన ఊపు ఎక్కువ. ఖాళీ కడుపుతో ఉంటే తగ్గుతుందనుకోవడం అందరూ చేసే పొరపాటు, ఇంకా పెరుగుతుంది. అటుకులు, మరమరాలు, ఉప్పు వేసిన నిమ్మరసం కొద్దికొద్దిగా తీసుకోండి. ఫోను తెర చూడకండి, దూరంగా సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూడండి. రెండో రోజు మధ్యాహ్నానికి చాలామందికి శరీరం అలవాటు పడుతుంది.

క్యాంటీన్ భోజనం తినగలిగేలా ఉంటుంది. అంతకుమించి ఆశించవద్దు. ఆవకాయ సీసా ఒకటి వెంట ఉంటే పక్క పడకవాళ్లతో స్నేహం కూడా కలుస్తుంది. మూత మాత్రం రెండు పొరల ప్లాస్టిక్‌తో బిగించండి. నా తెల్ల చొక్కా మీద ఆ నూనె మరక ఈనాటికీ పోలేదు.

4. పోర్ట్ బ్లెయిర్‌లో హట్‌బే టికెట్టు

దిగిన రోజే ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్లండి. దీవుల మధ్య ప్రభుత్వ ఓడల టికెట్లు ఇచ్చే కౌంటరు అక్కడే. ఇంటర్నెట్‌లో కూడా అమ్ముతారు, కానీ ఓడ తేదీ మారితే ముందు తెలిసేది కౌంటరు దగ్గరే. ఓడల ప్రకటనలు స్థానిక ప్రభుత్వ దినపత్రిక ‘ది డైలీ టెలిగ్రామ్స్’లో వస్తాయి. ఉదయం టీ తాగుతూ ఆ పేజీ చూడడం అలవాటు చేసుకోండి.

దీవివాసులకు ఒక ధర, బయటివారికి మరో ధర ఉంటుంది. మీకు ఎక్కువ చెబితే మోసం అనుకోకండి. ప్రయాణం ఆరు నుంచి ఎనిమిది గంటలు.

హట్‌బే వెళ్లే టికెట్టు చేతికి రాగానే సంబరపడి బయటికి వచ్చేయకండి. అదే కిటికీ దగ్గర నిలబడి తిరుగు ఓడ ఏ రోజున ఉందో, టికెట్టు ఎక్కడ ఇస్తారో అడగండి. ఇవ్వగలిగితే అక్కడే తీసుకోండి. నేను మానేసిన పని ఇదే.

హెలికాప్టర్ మాటేమిటని కొందరు అడుగుతారు. ఉంది. సీట్లు కొద్ది, రోగులకూ స్థానికులకూ ముందు చోటు. దాని మీద పథకం వేసుకోకండి.

5. దిగాక

హట్‌బేలో చిరునామాలు కిలోమీటర్లలో ఉంటాయి. జెట్టీ నుంచి రోడ్డు వెంట లెక్క. నేతాజీ నగర్ పదకొండో కిలోమీటరు, బట్లర్ బే పద్నాలుగు. “ఎక్కడ దిగాలి?” అంటే “పద్నాలుగు” అంటాడు బస్సు కండక్టరు. ఇది అర్థమైతే దీవి సగం అర్థమైనట్టే.

బసకు జెట్టీ దగ్గర చిన్న లాడ్జీలు, ప్రజాపనుల శాఖ అతిథి గృహం ఉన్నాయి. అతిథి గృహంలో ప్రభుత్వ పని మీద వచ్చినవారికే మొదటి చోటు కాబట్టి పోర్ట్ బ్లెయిర్ నుంచే ఫోను చేసి ఖాయం చేసుకోండి. గది తీసుకునే ముందు రెండు చూడండి: కిటికీకి దోమల జాలి చిరగకుండా ఉందా, కుళాయిలో నీళ్లు ఏ వేళల్లో వస్తాయి.

అద్దెకు స్కూటరు దొరుకుతుంది. తీసుకునే ముందు బ్రేకులు, హారను, ముఖ్యంగా ముందు దీపం చూసుకోండి. కారణం ఉంది. గడియారం మనదే అయినా ఆ దీవులు మనకన్నా చాలా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో అయిదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు, అంటే విశాఖకన్నా దాదాపు అరగంట ముందు. ఆర్కే బీచ్‌లో బజ్జీలు తినే వేళకు అక్కడ అడవి రోడ్డు మీద చీకటి. కాబట్టి ఉదయం అయిదున్నరకే బయల్దేరండి, నాలుగింటికల్లా వెనక్కి తిరగండి. తొమ్మిదింటికి లేచి టిఫిన్ చేసి బయల్దేరేవారికి ఈ దీవి సగమే కనబడుతుంది.

6. అడవి, జలపాతం, సముద్రం

వైట్ సర్ఫ్ జలపాతం జెట్టీకి ఆరున్నర కిలోమీటర్లు. సులువు. పిల్లలతో కూడా వెళ్లవచ్చు. వానలు వెళ్లిన వెంటనే నీళ్లు బాగుంటాయి, ఏప్రిల్‌లో సన్నబడతాయి. రాళ్లు పాచిపట్టి ఉంటాయి కాబట్టి రబ్బరు చెప్పులతో ఎక్కకండి.

విస్పర్ వేవ్ జలపాతం వేరే లెక్క. ఇరవై కిలోమీటర్లు దాటి వెళ్లి, అక్కడి నుంచి అడవిలో నడవాలి. స్థానికుడు ఒకరు తోడు లేకుండా వెళ్లవద్దు. ఆకాశాన్నంటే చెట్లు, తీగలు, కాలి కింద మెత్తగా కుళ్లిన ఆకులు, వాటి మధ్య జలగలు. జలగ పట్టుకుంటే చాలామంది పీకేస్తారు. పీకితే నోరు చర్మంలో ఉండిపోయి పుండు పడవచ్చు. రాళ్ల ఉప్పు గుడ్డలో మూటకట్టి తడిపి దాని మీద అద్దండి, అదే ఊడుతుంది. మేజోళ్ల మీద ముందుగానే ఆ ఉప్పు నీళ్లు రాసుకుంటే ఎక్కేవి కూడా తగ్గుతాయి. తిరిగి వచ్చాక కాలివేళ్ల మధ్య, మోకాలి వెనక, నడుము దగ్గర చూసుకోండి. కుట్టినప్పుడు తెలియదు, రక్తం కారుతుంటేనే తెలుస్తుంది.

బట్లర్ బే ఇసుక తీరం అందం గురించి చెప్పడం నా వల్ల కాదు, వెళ్లి చూడండి. జాగ్రత్తలు మాత్రం చెబుతాను.

మొదటిది, మనం సముద్రం ఒడ్డున పుట్టి పెరిగాం కాబట్టి మనకు తెలుసు అనుకోవడం. ఆర్కే బీచ్‌లో ఏటా జనం కొట్టుకుపోయేది ఆ ధీమాతోనే. బట్లర్ బే కెరటాలు సర్ఫింగ్ చేసేవారు వెతుక్కుంటూ వచ్చేంత బలమైనవి. నీళ్లు వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తే ఒడ్డు వైపు ఈదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. మోకాలి లోతు దాటకపోతే ఈ పాఠం అవసరమే రాదు.

రెండోది, మొసళ్లు. ఉప్పునీటి మొసళ్లు వాగులు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల దగ్గర ఉంటాయి. ఆ ఉదయం ఆ ఒడ్డున స్థానికులు స్నానం చేస్తున్నారా లేదా చూడండి. వాళ్లు దిగని నీళ్లలో మీరు దిగకండి. బోర్డు లేదు కదా అని వాదించకండి.

మూడోది ఇసుక ఈగలు. కంటికి కనబడవు. కుట్టిన మర్నాడు దురద మొదలై వారం ఉంటుంది. ఇసుక మీద నేరుగా కూర్చోకుండా మందపాటి దుప్పటి వేసుకోండి, ఒళ్లంతా కప్పుకోండి. దురద పుట్టినా గోకవద్దు. గోకితే పుండు అవుతుంది.

ఇంకొక మాట. ఒడ్డున అడుగు కింద భూమి గట్టిగా కంపిస్తే సైరను కోసం చూడకండి, సముద్రం వెనక్కి పోతోందా అని చూడడానికి అసలే నిలబడకండి. ఎత్తుకు పరుగెత్తండి. 2004 డిసెంబరు 26న హట్‌బే తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజును చూసినవారు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. మీరుగా అడగకండి, వాళ్లే చెబితే వినండి.

7. ఊళ్లు: ఎక్కడికి వెళ్లవచ్చు, ఎక్కడికి వెళ్లకూడదు

అందరూ తప్పు చేసేది ఇక్కడే.

ఓంగీలు ఈ దీవి మొదటి మనుషులు. ఇప్పుడు నూరు మందికి అటూ ఇటూ మాత్రమే మిగిలారు. డుగాంగ్ క్రీక్ వైపు ఉంటారు. అది ఆదిమజాతుల రక్షిత ప్రాంతం. 1956 నాటి రక్షణ నిబంధనల ప్రకారం లోపలికి వెళ్లడమే నేరం, 2012లో శిక్షలు ఇంకా పెంచారు. జైలుకు వెళ్లవలసి వస్తుంది. మనం మోసుకువెళ్లే మామూలు జలుబు, తట్టు అలాంటి చిన్న సమాజాన్ని పడుకోబెట్టేయగలవు. “నాకు తెలిసినవాడున్నాడు, పడవలో తీసుకెళతాను” అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో తుంచేయండి.

కార్ నికోబార్‌కు కూడా మామూలు పర్యాటకులు వెళ్లలేరు. భారతీయులకూ ప్రత్యేక పాసు కావాలి, అది విహారయాత్రకు ఇచ్చేది కాదు.

మరి సంప్రదాయ గ్రామం? హట్‌బేకు దగ్గరలో హర్మిందర్ బే ఉంది. నికోబారీ కుటుంబాలు స్థిరపడిన ఊరు. ముందు హట్‌బేలోని పోలీసు స్టేషనులోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో ఇప్పుడు బయటివారిని వెళ్లనిస్తున్నారా అని అడగండి. కాదంటే వాదించకుండా తిరిగి రండి. అవునంటే ఊరి పెద్దను కలవండి. నికోబారీలు ఊరి పెద్దను కెప్టెన్ అంటారు. ఆయన సరే అన్నాకే ఊళ్లో అడుగు పెట్టండి.

వాళ్ల పాతకాలపు ఇల్లు గుంజల మీద నిలబెట్టిన గుండ్రటి గుడిసె. పైన గడ్డి కప్పు తేనెపట్టులా బోర్లించినట్టు ఉంటుంది. సునామీ తర్వాత కట్టి ఇచ్చిన ఇళ్లు ఎక్కువ కాబట్టి ఊరంతా అలాంటి గుడిసెలే ఉంటాయనుకుని వెళ్లి నిరాశపడకండి. చూడవలసింది వేరే ఉంది. పక్కన తేలే దుంగ కట్టిన హోడీ పడవను దగ్గరికి వెళ్లి చూడండి. మన జాలరిపేట తెప్ప దుంగలు పక్కపక్కన పేర్చి కట్టింది. హోడీలో ఒకే మానును తొలిచి, అది బోర్లాపడకుండా కొంచెం దూరంలో ఇంకో దుంగను కర్రలతో కలిపి కడతారు. మన జాలరి ఒకరిని వెంట తీసుకువెళ్తే వాళ్లిద్దరూ భాష లేకుండానే పూట గడిపేస్తారు.

కొన్ని పద్ధతులు. ఆదివారం ఉదయం వెళ్లకండి, నికోబారీల్లో ఎక్కువమంది క్రైస్తవులు, చర్చి వేళ అది. ఫొటోకు అడగండి, పిల్లలకైతే తల్లిదండ్రులను అడగండి. ఎవరింటి కిటికీలోకీ తొంగి చూడకండి. పిల్లలకు చాక్లెట్లు పంచకండి. రెండోసారి వెళ్లినవారిని చుట్టుముట్టి చేతులు చాపేది అందుకే. ఏదైనా ఇవ్వాలనిపిస్తే పెద్దలకు ఇవ్వండి. కొబ్బరినీళ్లు ఇస్తే తాగండి, వద్దనడం అమర్యాద. డబ్బు ఇవ్వాలా అని కెప్టెన్‌నే అడగండి.

తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీల ఊళ్లు రోడ్డు పొడవునా ఉన్నాయి. వరి చేలు, చెరువు, అరటితోట. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. టీకొట్టు దగ్గర కూర్చుంటే చాలు. నాకు మాత్రం ఆ ఊళ్లలో గడిపిన మధ్యాహ్నాలే ఎక్కువ గుర్తున్నాయి.

8. తిరిగి బయల్దేరే ముందు

ఓడకు ముందు రోజు సాయంత్రం జెట్టీకి స్వయంగా వెళ్లి వేళ అడగండి. బయల్దేరే రోజు ఉదయం మళ్లీ అడగండి. లాడ్జీ కుర్రాడు చెప్పింది లెక్కలోకి రాదు.

సంచి మొత్తం దులపండి. గవ్వలు, పగడపు ముక్కలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఒడ్డున చచ్చిపడి ఉన్నదే కదా అంటే కుదరదు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితమైనవి, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారు. పిల్లల జేబులు ముఖ్యంగా చూడండి. దుకాణంలో కొన్న గవ్వకు బిల్లు దాచుకోండి.

ఇంటికి చేరాక నెల, రెండు నెలల లోపు చలిజ్వరం వస్తే వైరల్ అని మాత్ర వేసుకుని పడుకోకండి. రక్తపరీక్ష చేయించి, అండమాన్ వెళ్లివచ్చానని, ఏ తేదీల్లో అక్కడ ఉన్నానో డాక్టరుకు మీరే చెప్పండి. ఆయనగా అడగకపోవచ్చు.